మోకాలికి వాయిదాలు తెలియవు

నా దగ్గరికొచ్చిన ప్రతి క్లయింటూ కుర్చీలో కూర్చోగానే అడిగే మాట ఒకటే. "ఎన్ని రోజుల్లో అయిపోతది మేడం?" రోజులు అంటారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండేది. ఏళ్లు అని అడిగిన మనిషి నా మొత్తం ప్రాక్టీసులో ఒక్కరు కూడా తగల్లేదు. మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. తర్వాత్తర్వాత, "ముందు కాలు చూపించమ్మా, క్యాలెండర్ తర్వాత చూద్దాం" అనేసేదాన్ని.

కారు ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్లకి నష్టపరిహారం ఇప్పించడమే నా పని. కృష్ణానగర్‌లో కర్రీ పాయింట్ పక్క గదిలో నా ఆఫీసు. వచ్చేవాళ్లలో సగం మంది సినిమావాళ్లే: ఫైటర్లు, లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, ప్రొడక్షన్ వ్యాన్ నడిపేవాళ్లు. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల రోడ్లలో పెద్ద కార్లు దిగుతుంటాయి, వీళ్లు షేర్ ఆటోల్లో, బైకుల మీద ఎక్కుతుంటారు. మధ్యలో ఎక్కడో తగులుకుంటారు. తగులుకున్నప్పుడు ఎవరి ఎముక విరుగుతుందో చెప్పడానికి లా చదవక్కర్లేదు.

నిరుడు నల్లకోటు విప్పేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇంటికొచ్చి, మీ అనుభవాలు రాసిపెట్టండి మేడం అన్నారు. ఘనంగా గెలిచిన కేసుల గురించి రాస్తాననుకున్నారు కాబోలు. గెలిచి కూడా ఇప్పటికీ తలుచుకుంటే పళ్లు కొరుక్కునే కేసు ఒకటుంది. దాని గురించే రాస్తాను. మీకు పనికొచ్చేది అదే.

ఆలస్యం ఎవరిది

ఆలస్యం ఎవరిదని అడిగితే ప్రతివాడూ పక్కవాడి వైపు వేలు చూపిస్తాడు. పోలీసుల కాగితాలు రాలేదంటారు. వస్తే, కారు డ్రైవర్ లైసెన్సు నిజమో కాదో తేల్చుకోవాలంటుంది ఇన్సూరెన్స్ కంపెనీ. అది తేలేసరికి కారు ఓనరు ఇల్లు మారి ఉంటాడు, నోటీసు తిరిగొస్తుంది. ఓనరు దొరికేసరికి, మన క్లయింటే కృష్ణానగర్‌లో కిరాయి కట్టలేక గది మారి, ఫోన్ నంబరు కూడా మార్చేసి ఉంటాడు. డాక్టరుగారు సాక్ష్యానికి రావాల్సిన రోజే ఆపరేషన్ థియేటర్‌లో ఉంటారు. ఇప్పుడు వీడియోలో సాక్ష్యం చెప్పే సౌకర్యం వచ్చింది కదా అని సంబరపడితే, ఆయన నోరు తెరిచే సమయానికి నెట్‌వర్క్ పోతుంది. అంతా కుదిరిందనుకుంటే జడ్జిగారికి బదిలీ అవుతుంది, కొత్త జడ్జిగారు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడతారు.

మన వకీళ్లను కూడా వదలను. వాయిదా రోజు బంధువుల పెళ్లికి వెళ్లి, జూనియర్‌ని పంపి గడువు అడిగించే మహానుభావులు ఎంతమందో. తిలా పాపం తలా పిడికెడు. కానీ కుంటేది మాత్రం క్లయింటు ఒక్కడే.

అయితే ఆలస్యమంతా చెడ్డదని కూడా అనను. మా సీనియర్ గారు కోపిష్ఠి మనిషి, ఫైలు విసిరేస్తే కిటికీ దాకా వెళ్లేది. ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం: "గాయం ఎక్కడిదాకా వెళ్లి ఆగుతుందో తెలియకుండా రాజీ కాగితం మీద సంతకం పెట్టించకమ్మా. సంతకం అయ్యాక వచ్చే నొప్పికి ఎవడూ పైసా ఇవ్వడు." నిజమే. బోరబండ ఆటో డ్రైవర్ ఒకాయన మోచేయి విరిగితే, బావమరిది మాట విని నెల తిరక్కుండా రాజీ పడ్డాడు. తర్వాత ఆ చేయి బిగుసుకుపోయింది. ముడవని చేయి బల్ల మీద పెట్టి, "ఇప్పుడు జర చూడుండ్రి మేడం" అన్నాడు. చూసి ఏం చేయను? చేతులు కాలాక ఆకులు పట్టుకునే బేరం.

సీనియర్ గారు చెప్పని సగం ఒకటుంది. కొన్ని గాయాలు మనం ఎదురు చూస్తూ కూర్చుంటే ముదురుతాయి. ఆ సగం నాకు రేణుక కేసులో తెలిసింది.

రేణుక

రేణుక బోరబండ పిల్ల. తల్లి హాస్టల్లో వంట చేస్తుంది, తండ్రి లేడు. సినిమా పాటల్లో హీరో వెనక ఎగిరే గ్రూప్ డాన్సర్. డాన్సర్ల సంఘంలో కార్డు కూడా ఉంది. గ్రూప్ డాన్సర్లను వరసలుగా నిలబెడతారు. మొదటి వరసలో నిలబడాలని ప్రతి పిల్లా కలలు కంటుంది. రేణుక అప్పుడప్పుడే ఆ వరసలోకి వచ్చింది.

ఒక పొద్దున ఫిల్మ్‌నగర్‌లో రిహార్సల్‌కి ఇంకో ఇద్దరు డాన్సర్లతో కలిసి ఆటోలో వెళ్తోంది. పక్క సందు ఏటవాలులోంచి దిగిన కారు ఆగకుండా మెయిన్ రోడ్డెక్కి ఆటోని కొట్టింది. ఆటో పక్కకి ఒరిగింది. మిగతా ఇద్దరికీ గీరుకుపోయింది, అంతే. రేణుక కాలు ఆటో కింద పడింది. మోకాలి కింద ఎముక ముక్కలైంది, లోపలి లిగమెంట్ తెగింది.

మొదటి ఆపరేషన్ అప్పు తెచ్చి, తోటి డాన్సర్లు చందాలేసుకుని చేయించారు. ఎముకకి ప్లేటు వేశారు. డాక్టరుగారు అప్పుడే స్పష్టంగా చెప్పారు: "ఎముక అతికాక లిగమెంట్‌కి రెండో ఆపరేషన్ చేయాలి. అది చేస్తే మళ్లీ డాన్స్ చేయొచ్చు. చేయకుండా ఆ మోకాలి మీదే తిరిగితే లోపల గుజ్జు అరిగిపోతుంది. అరిగాక నా దగ్గరికొచ్చినా నేనేం చేయలేను."

కాబట్టి కేసంతా ఇంతే. పరిహారం సకాలంలో వస్తే రెండో ఆపరేషన్, మళ్లీ మొదటి వరస. రాకపోతే లేదు. తల్లి నా చేయి పట్టుకుని, "ఏడాదిల అయిపోతది గద మేడం?" అంది. నా వంతు పని ఒక్కరోజు కూడా ఆపనని చెప్పాను. నా చేతిలో ఉన్నది అంతవరకే.

ఎముక అతికాక రేణుక మళ్లీ షూటింగులకు వెళ్లడం మొదలుపెట్టింది. వెళ్లక ఏం చేస్తుంది? అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్నారు. కృష్ణానగర్‌లో డాన్సర్లను పిలిచేచోట "కాలెట్లుంది?" అని అడిగితే "ఫస్ట్ క్లాస్" అనే జవాబొక్కటే ఉంటుంది. నొప్పి అన్నవాళ్లకి మర్నాడు ఫోన్ రాదు. లంగా కింద మోకాలికి పట్టీ బిగించుకుని, వీధిలో నిటారుగా నడిచి, చివరి వరసలో నిలబడి చేతులూ ముఖమూ ఆడించి వచ్చేది. ఇంటికెళ్లి ఐసు గడ్డ పెట్టుకునేది. ఆ సంగతి నాకూ వాళ్లమ్మకూ తప్ప ఎవరికీ తెలియదనే అనుకునేది.

వెనక బెంచీలో శ్రీను మాస్టర్

డాన్సర్లకి జీతం చీటీ ఉండదు. రోజు కూలి, చేతికి నోట్లు. ఆ సంపాదన కోర్టులో రుజువు కావాలంటే పని ఇచ్చినవాళ్లే వచ్చి చెప్పాలి. అందుకని శ్రీనుని సాక్షిగా పిలిచాను. పెద్ద డాన్స్ మాస్టర్ల దగ్గర అసిస్టెంట్. ఏ పాటకి ఏ పిల్లల్ని పిలవాలో ఏరేది అతనే కాబట్టి పిల్లలంతా మాస్టర్ అనే పిలుస్తారు. రాజమండ్రి వైపు మనిషి, మంచివాడు. తెల్ల ప్యాంటు, కూలింగ్ గ్లాసులతో, ఏదో ఆడియో ఫంక్షన్‌కి వచ్చినట్టు కోర్టుకొచ్చాడు.

ముందు రేణుక సాక్ష్యం, తర్వాత అతనిది. ఒక సాక్షి చెబుతున్నప్పుడు రెండో సాక్షి బయట ఉండాలి. బయట వరండాలో ఫ్యాను తిరగడం లేదట. దొరగారు చల్లగా లోపలికొచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. నేను కాగితాల్లో ఉన్నాను, ఎదుటి వకీలుకి అతనెవరో తెలియదు.

ఇన్సూరెన్స్ తరఫు వకీలు నెమ్మదస్తుడు. గొంతు పెంచడు, అందుకే ప్రమాదం.

"ఏమ్మా, ప్రమాదం తర్వాత షూటింగులకు వెళ్తున్నావా?"

"పోతున్న సార్."

"డాన్స్ చేయగలుగుతున్నావా?"

చివరి వరసలో నిలబడుతున్నాను, చేతులే ఆడిస్తున్నాను, అన్నది నిజం. ఆ నిజమే చెప్పమన్నాను. రేణుక నోరు తెరిచి, వెనక బెంచీ వైపు చూసి ఆగిపోయింది. నేనూ తిరిగి చూశాను. కూలింగ్ గ్లాసులు తల మీదికి ఎత్తుకుని శ్రీను కూర్చున్నాడు.

"చేస్తున్న సార్. మంచిగ చేస్త. ఏ స్టెప్ ఇచ్చినా చేస్త."

జడ్జిగారు తలెత్తి నా వైపు చూశారు. టైపు చేసే అమ్మాయి టకటకా కొట్టేసింది. పడిన మాట ఇంక చెరిగేది కాదు. శ్రీను వంతు రాకుండానే ఆ రోజుకి వాయిదా పడింది.

వరండాలో రేణుకని నిలబెట్టి దులిపేశాను. "నీకేమైనా మతుందా? ఇన్నాళ్లు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది గోడకు చెప్పినట్టేనా?"

"శ్రీను మాస్టర్ గాడ్నే కూసున్నడు మేడం. ఆయన ముంగట నా కాలు పోయిందని ఎట్ల చెప్పాలె? రేపటి సంది నన్నెవరు పిలుస్తరు?"

"కేసు పోతుందే పిచ్చిదానా!"

"కేసు ఎప్పుడైతదో మీరే చెప్తలేరు. మాస్టర్ ఎల్లుండి షూటింగ్‌కు రమ్మన్నడు."

పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కేసు ఏళ్లు సాగితే ఆ ఏళ్లన్నీ మనిషి తినాలి. తినాలంటే పనిచేయాలి. పనిచేస్తే, అదిగో బాగానే ఉందిగా అంటారు. కాలికి వేస్తే మెడకి, మెడకి వేస్తే కాలికి. మన కేసుల్లో అబద్ధాలు చెప్పేవాళ్లంతా దొంగలు కారు, వాళ్లలో చాలామంది ఆకలి మీద ఉన్నవాళ్లు.

మొదటి వరసలో ఎగిరిన పాట

గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, తర్వాతి వాయిదాకి ఎదుటి వకీలు ఒక పాట పట్టుకొచ్చాడు. ఆ మధ్యే థియేటర్లలోకి వచ్చిన సినిమాలోది. తెర మీద రేణుక హీరోకి పక్కనే, మొదటి వరసలో, గాల్లోకి ఎగిరి మోకాళ్ల మీద జారుతోంది.

జడ్జిగారు రెండుసార్లు చూశారు. "ఈ అమ్మాయేనా?"

"నేనే సార్," అంది రేణుక. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆ పాట తీసింది ప్రమాదానికి ముందు. నిర్మాతల గొడవల్లో సినిమా డబ్బాల్లో మూలిగి మూలిగి ఇప్పుడు బయటికొచ్చింది. ఈ సంగతి కృష్ణానగర్‌లో టీ కొట్టువాడికి కూడా తెలుసు, సినిమా రిలీజైన రోజుకీ తీసిన రోజుకీ సంబంధం ఉండదని. కోర్టుకి ఎవరు చెప్తారు? నేను చెబితే చెల్లదు, నేను వకీలుని. రేణుక చెబితే నమ్మరు, ఆమే కదా మంచిగ చేస్తనన్నది. సినిమా తీసిన ఆఫీసు రిలీజ్ మర్నాడే తాళం వేసుకుంది. ఇంక ఆ పాటకి దగ్గరుండి పనిచేసిన మనిషి ఒక్కడే మిగిలాడు. మళ్లీ శ్రీను.

ముహూర్తాలు

శ్రీనుకి అప్పుడే ఒక సినిమాలో పూర్తి డాన్స్ మాస్టర్‌గా అవకాశం వచ్చింది. జీవితంలో మొదటిది.

"ముహూర్తం అయ్యేదాకా కోర్టు మెట్లెక్కనండి మేడం గారూ. సెంటిమెంటండి."

"మొన్న ఎక్కావుగా నాయనా?"

"అందుకేనండి. ఆ వారంలోనే నా బండి పోయింది."

ముహూర్తం అయింది. తర్వాత మొదటి పాట రికార్డింగు, అది శుభకార్యం. తర్వాత అవుట్‌డోర్, ఊళ్లో లేడు. తర్వాత టైటిల్ ప్రకటన, అదీ శుభకార్యమే. సినిమావాళ్లకి సంవత్సరం పొడుగునా ఏదో ఒకటి ప్రారంభమవుతూనే ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. కోర్టు సమన్లు పంపితే మనిషి ఇంట్లో దొరకడు. వారంట్ అడుగుతానన్నాను. రేణుక ఏడుపు ముఖం పెట్టింది. "మాస్టర్ మీదికి పోలీసులను పంపకుండ్రి మేడం. ఆయన మొదటి సినిమా." ఆమె మోకాలు అరిగిపోతుంటే ఆమెకి మాస్టర్ మొదటి సినిమా మీద బెంగ! ఏమనాలి ఈ మనుషుల్ని?

ఈలోగా జడ్జిగారు బదిలీ అయ్యారు. ఇన్సూరెన్స్ కంపెనీ ఒకసారి రాజీకి కబురు పెట్టింది. వాళ్లు ఇస్తామన్నది రెండో ఆపరేషన్‌లో సగానికి కూడా రాదు, వద్దన్నాను. ఇప్పుడడిగినా వద్దనే అంటాను. కానీ వద్దన్న రోజు సాయంత్రం రేణుక రోడ్డు దాటడం కిటికీలోంచి చూశాను. డివైడర్ దిగడానికి పక్కనున్న ముసలాయన భుజం పట్టుకుంది. ఆయన ఆమె ఎవరో తెలియక దిక్కులు చూస్తున్నాడు.

చివరికి శ్రీను వచ్చాడు. అతని సినిమా మధ్యలో ఆగిపోయింది. ఇంక కాపాడుకోవాల్సిన సెంటిమెంటు ఏదీ మిగల్లేదు కాబట్టి వచ్చాడు. కూలింగ్ గ్లాసులు లేవు.

పాట ప్రమాదానికి ముందే తీశామని, ఆ సెట్టు కూలగొట్టాకే ఈ అమ్మాయికి దెబ్బ తగిలిందని చెప్పాడు. ఎదుటి వకీలు లేచాడు.

"దెబ్బ తగిలాక కూడా మీరే పని ఇస్తున్నారు కదా?"

"ఇస్తున్నానండి. చివరి వరసలో. అక్కడ కాలితో పనుండదండి. మెట్లు దిగే స్టెప్పుంటే ఈ అమ్మాయిని కూర్చున్నవాళ్లలో పెడతానండి."

"అంటే కాలు బాగాలేదని మీకు తెలుసా?"

"మొదటి రోజు నుంచీ తెలుసండి. డాన్సర్ ఏ కాలి మీద బరువేస్తుందో మాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందండి? నాకు తెలిసిందని తెలిస్తే సిగ్గుపడి మానేస్తుందని ఊరుకున్నాను. ఇల్లు గడవాలి కదండి."

రేణుక చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది. నాకు జాలి రాలేదు, కోపం వచ్చింది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చెంపలు వాయించాలనిపించింది. ఈమె దాచింది అతనికి తెలియకూడదని. అతను దాచింది తనకు తెలిసిందని ఈమెకు తెలియకూడదని. ఆ ఒక్క ముక్క ఏ సెట్లోనో, టీ గ్లాసుల దగ్గరో మాట్లాడుకుని ఉంటే ఆమె కోర్టులో నిజం చెప్పేది, పాట వచ్చినా నిలబడేది కాదు, ఈ ముహూర్తాల గోలంతా ఉండేదే కాదు. ఆ మోకాలికి ఆ కాలం దక్కేది.

అందుకే చెబుతున్నాను. క్లయింటుకి ఏం చెప్పాలో నేర్పించడంతో మీ పని అయిపోదు. ఆ మనిషి ఎవరి ముందు నిజం చెప్పలేదో ముందే అడిగి తెలుసుకోండి. ఆ మనిషి దగ్గరికి మీరే వెళ్లి మాట్లాడండి. లా పుస్తకాల్లో ఇది ఉండదు.

గెలిచాం

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. కాలు పోతే గుమాస్తాకి ఒక లెక్క, డాన్సర్‌కి ఇంకో లెక్క అని కొత్త జడ్జిగారు అర్థం చేసుకుని రాశారు. కంపెనీ కూడా అప్పీలుకి వెళ్లలేదు. నా తోటి వకీళ్లు వచ్చి చేయి కలిపారు.

అదే వారం రేణుకని పాత డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్కాను దీపం ముందు పెట్టి చూశారు.

"ఇప్పుడు లిగమెంట్ వేసి లాభం లేదమ్మా. లోపల గుజ్జు అయిపోయింది. వయసొచ్చాక కీలు మార్చాలి, అంతవరకూ జాగ్రత్తగా నడువు."

"ఎగురుడు?"

ఆయన తల అడ్డంగా ఊపారు. రేణుక అక్కడ ఏడవలేదు. బయటికొచ్చాక ఆటో పిలిచి, ఎక్కే ముందు, "పిల్లలకు డాన్స్ నేర్పుత మేడం. యూసుఫ్‌గూడల ఒక గది చూసి పెట్టుకున్న. అడ్వాన్స్ ఇస్తే చాలు, నిలబడి చెప్పుడే కద," అంది. గొంతు మామూలుగానే ఉంది.

గెలిచిన సొమ్ము చేతికొచ్చేటప్పుడు ఇంకో సంగతి ఉంటుంది, మీకు తెలిసే ఉంటుంది. మొత్తం ఒకేసారి ఇవ్వరు. పెద్ద భాగం కొన్నేళ్లపాటు బ్యాంకులో డిపాజిట్ వేయమంటుంది కోర్టు. చదువురాని వాళ్ల సొమ్ము మధ్యవాళ్లు కాజేయకుండా పెట్టిన మంచి పద్ధతే, కాదనను. రేణుకకీ అలాగే వేశారు. చేతికొచ్చింది అప్పులవాళ్లకి సరిపోయింది.

కోర్టు వరండాలో తల్లీకూతుళ్లిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. "కోర్టు నీ మంచికే చేసింది. మిగతాదంతా నీ భవిష్యత్తు కోసమని బ్యాంకులో వేయమంది."

రేణుక మాటలో వెటకారం ఏమీ లేదు. వాయిదా తారీఖు అడిగినట్టే అడిగింది.

"భవిష్యత్తంటే ఎప్పుడు మేడం?"

ఇన్నేళ్లలో నాకు ఏడుపొచ్చిన ప్రశ్న అదొక్కటే. ఆ మధ్యాహ్నమే కూర్చుని, ఈ అమ్మాయి డిపాజిట్ ముందుగా విడుదల చేయమని పిటిషన్ రాశాను. గది కిరాయికి కావాలని రాశాను, మోకాలు సంగతి రాశాను, దయచేసి త్వరగా అని కూడా రాశాను. దాఖలు చేస్తే బెంచి క్లర్కు డైరీ తిరగేసి వాయిదా వేశాడు.

నేను కోటు విప్పిన రోజుకి అది ఇంకా నడుస్తూనే ఉంది. యూసుఫ్‌గూడ గది వేరేవాళ్లకి వెళ్లిపోయింది, రేణుక ఇంకోటి వెతుకుతోంది. ఆ ఫైలు ఇప్పుడు మీలో ఒకరి బల్ల మీద ఉంది. గెలిచిన కేసే కదా అని అడుగున పెట్టకండి.